పార్టీని చెరిపేయకండి, లంకె ముగించండి: సీఆర్‌ఎంలో పాత వ్యాపార సంబంధాలను ఎలా నిర్వహించాలి

బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీకి మీరు నాలుగేళ్లుగా మెటీరియల్ వేస్తున్నారనుకుందాం. అక్కడి పర్చేజ్ మేనేజర్ శ్రీనివాసరావు గారు మానేసి పటాన్‌చెరులో ఇంకో కంపెనీలో చేరారు. మీ సేల్స్ కుర్రాడు సీఆర్‌ఎం (కస్టమర్ల వివరాలు, వాళ్లతో నడిచిన మాటలు దాచుకునే సాఫ్ట్‌వేర్) తెరిచి, ఆయన పేరు పక్కన కంపెనీ గడిలో పాత పేరు కొట్టేసి కొత్తది రాశాడు. అర నిమిషం పని.

ఆ అర నిమిషంలో ఏం పోయిందో ఆర్నెల్లకు గానీ బయటపడదు. ఆయనతో నడిచిన కాల్స్, ఈమెయిళ్లు, నోట్లు అన్నీ ఆయన వెంట పటాన్‌చెరు వెళ్లిపోయాయి. బాలానగర్ కంపెనీ పేజీలో ఒక్క మనిషీ మిగల్లేదు. అక్కడ కొత్తగా వచ్చిన మేనేజర్ ఫోన్ చేసి "పోయినసారి ఏ రేటుకి ఇచ్చారు, ఏం మాటయింది" అని అడిగితే చెప్పేవాళ్లు లేరు. అటు పటాన్‌చెరు కంపెనీ పేజీ తెరిస్తే నాలుగేళ్ల పాత కస్టమర్‌లా కనిపిస్తుంది. కొత్తగా చేరిన ఇంకో సేల్స్ మనిషి అది చూసి నలభై అయిదు రోజుల ఉద్దెర ఒప్పేసుకుంటాడు. ఒక్క రూపాయి బిల్లు కూడా కాని కంపెనీకి.

ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, పెట్టుకున్న తీరులో తప్పు. సరిదిద్దే పద్ధతి ఇది.

1. మనిషి, సంస్థ, లంకె: మూడూ విడివిడిగా

మనిషికి ఒక రికార్డు. సంస్థకు ఒక రికార్డు. ఆ మనిషి ఆ సంస్థలో ఏ హోదాలో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నారో చెప్పే మూడో రికార్డు ఒకటి ఉండాలి. దాన్నే ఇక్కడ లంకె అంటున్నాం. పాత సంబంధాల నిర్వహణ అంతా ఈ మూడో దాని మీదే నడుస్తుంది. మనిషి ఉద్యోగం మారితే మనిషినీ ముట్టుకోం, సంస్థనూ ముట్టుకోం. పాత లంకెకు ముగింపు తేదీ వేస్తాం, కొత్త లంకె తెరుస్తాం.

పై ఉదాహరణలో రికార్డు ఇలా ఉండాలి:

మనిషి: శ్రీనివాసరావు. సొంత మొబైల్, సొంత ఈమెయిల్. మాట్లాడే భాష: తెలుగు, హిందీ.

లంకె 1: బాలానగర్ కంపెనీ. హోదా: పర్చేజ్ మేనేజర్. మొదలు: 2020 జూన్. ముగింపు: 2024 ఆగస్టు 31. ముగింపు తేదీ సుమారు: కాదు. కారణం: ఉద్యోగం మారారు. ఆఫీసు మొబైల్, ఆఫీసు ఈమెయిల్: ఈ లంకెలోనే. వారి స్థానంలో వచ్చినవారు: కొత్త మేనేజర్ పేరు.

లంకె 2: పటాన్‌చెరు కంపెనీ. హోదా: సీనియర్ మేనేజర్, పర్చేజ్. మొదలు: 2024 సెప్టెంబర్. ముగింపు: ఖాళీ.

ఫోన్ నంబర్ ఎక్కడ రాశామో గమనించండి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కంపెనీ ఇచ్చిన సీయూజీ సిమ్ మనిషిది కాదు, కుర్చీది. మేనేజర్ మానేస్తే సిమ్ వెనక్కి తీసుకుని తర్వాతి మనిషికి ఇస్తారు. ఆ నంబర్ మనిషి రికార్డులో ఉంటే, ఏడాది తర్వాత మీవాళ్లు "శ్రీనివాసరావు గారూ, నమస్తే" అంటూ ఇంకొకరికి మెసేజ్ పెడతారు. కొత్త కంపెనీకి ఇవ్వబోయే కొటేషన్ పాత కంపెనీ ఫోన్‌కి వెళ్లిందంటే ఇక చెప్పేదేముంది. అందుకే ఆఫీసు నంబర్, ఆఫీసు ఈమెయిల్ లంకెలో, సొంతవి మనిషిలో.

సొంత నంబరైనా శాశ్వతం కాదు. ఆపేసిన మొబైల్ నంబర్‌ను మన దేశంలో 90 రోజులు దాటాక వేరే వాళ్లకు ఇవ్వొచ్చు. రెండేళ్లుగా మాట్లాడని పాత పార్టీకి నేరుగా వాట్సాప్‌లో రేట్ల పట్టిక పంపకండి. ముందు ఒక కాల్ చేసి మనిషి ఆయనేనా అని తేల్చుకోండి. "నంబర్ చివరిగా సరిచూసిన తేదీ" అని ఒక గడి పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

2. మీ సాఫ్ట్‌వేర్‌లో లంకె ఎక్కడ ఉంటుంది

సేల్స్‌ఫోర్స్‌లో ఇది సిద్ధంగా ఉంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఒక కాంటాక్ట్‌ను (మనిషి రికార్డు) ఒకటికి మించి అకౌంట్లతో (సంస్థ రికార్డులు) కలిపే సదుపాయాన్ని ఆన్ చేయాలి. అప్పుడు ప్రతి సంబంధానికీ హోదా, మొదలు తేదీ, ముగింపు తేదీ, యాక్టివ్ టిక్ వస్తాయి. ప్రైమరీ అకౌంట్ మార్చినప్పుడు పాత సంబంధం ఉండాలా పోవాలా అన్నది కూడా సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఉండేలా పెట్టుకుని, నిజమైన రికార్డుల జోలికి వెళ్లేముందు ఒక ఉత్తుత్తి కాంటాక్ట్ మీద ప్రయత్నించి చూడండి.

స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా వాడే సివిసీఆర్‌ఎం ఈ విషయంలో చాలా చక్కగా ఉంటుంది. రిలేషన్‌షిప్స్ ట్యాబ్‌లో నడుస్తున్నవి పైన, ముగిసినవి కింద వేరే పట్టికలో కనిపిస్తాయి. అక్కడ డిసేబుల్, డిలీట్ రెండూ ఉంటాయి. డిసేబుల్ చేస్తే చరిత్ర నిలుస్తుంది, డిలీట్ చేస్తే ఆ సంబంధం ఉండేదన్న గుర్తే మిగలదు. ఒక జాగ్రత్త: సంస్థ సభ్యత్వం ఉద్యోగి లంకె ద్వారా సంక్రమించేలా మీరు పెట్టి ఉంటే, లంకె ముగించగానే ఆ మనిషికి ఆ సభ్యత్వమూ ఆగిపోతుంది. చాలాసార్లు కావలసింది అదే, కానీ తెలిసి చేయాలి.

ఓడూలో పద్ధతి వేరు. అక్కడ మనిషి సంస్థ కింద పిల్ల రికార్డుగా ఉంటాడు. కంపెనీ గడి మార్చేస్తే పాత ఆర్డర్ల మీద కూడా కొత్త కంపెనీ పేరే కనిపిస్తుంది. కాబట్టి మార్చకండి. పాత రికార్డును ఆర్కైవ్ చేసి (చెరపకుండా పక్కకు దాచి), కొత్త కంపెనీ కింద ఇంకో రికార్డు తెరిచి, రెండింటి నోట్స్‌లో ఒకదాని లింకు ఇంకోదానిలో పెట్టండి. ఆర్కైవ్ అయినవి మామూలు వెతుకులాటలో రావు, ఫిల్టర్లలో ఆర్కైవ్డ్ ఎంచుకోవాలి. "రికార్డు మాయమైంది" అని స్టాఫ్ కంగారుపడి మళ్లీ కొత్తది తెరిచేది ఇందుకే. ముందే చెప్పి ఉంచండి.

జోహో సీఆర్‌ఎంలో డీల్‌కు అకౌంట్, కాంటాక్ట్ విడివిడి గడులు. కాంటాక్ట్ కంపెనీ మారినా పాత డీల్స్ పాత అకౌంట్ కిందే ఉంటాయి. ఊరట కలిగించే విషయమే, కానీ కాంటాక్ట్ మీద రాసిన నోట్లు, ఈమెయిళ్లు మాత్రం మనిషి వెంట పోతాయి. అందుకు "పని చరిత్ర" అని ఒక కస్టమ్ మాడ్యూల్ (మీరే తయారుచేసుకునే విభాగం) చేసి, అందులో ఒక లుకప్ (ఇంకో రికార్డుకు కలిపే గడి) కాంటాక్ట్‌కు, ఒక లుకప్ అకౌంట్‌కు, రెండు తేదీలు, కారణం, హోదా పెట్టుకోండి. మీ ప్లాన్‌లో కస్టమ్ మాడ్యూల్ లేకపోతే అకౌంట్ పేజీలో "పూర్వ ప్రతినిధులు" అని ఒక పెద్ద టెక్స్ట్ గడి పెట్టి, వరుసకు ఒకరు చొప్పున పేరు, హోదా, తేదీలు రాయండి. అందంగా ఉండదు, రిపోర్టులకు పనికిరాదు, అయినా ఏమీ లేనిదానికంటే ఎంతో నయం.

3. స్థితి, కారణం: తక్కువ మాటల్లో

సంస్థతో సంబంధానికి నాలుగు స్థితులు చాలు: నడుస్తోంది, నిద్రలో ఉంది, ముగిసింది, మళ్లీ వద్దు. అయిదోది పెట్టాలనిపిస్తే ఆగండి. "సెమీ యాక్టివ్", "వార్మ్" లాంటివి పెడితే ఏది ఎప్పుడు ఎంచుకోవాలో ఎవరికీ తెలియక అందరూ మొదటిదే ఎంచుకుంటారు.

ఎన్నాళ్లు కొనకపోతే నిద్ర అనాలి? అందరికీ ఒకే లెక్క కుదరదు. బేగంబజార్ హోల్‌సేల్‌లో వారంవారం సరుకెత్తే దుకాణం నెల రోజులు రాలేదంటే ఏదో జరిగిందన్నమాట. జీడిమెట్లలో ఎలక్ట్రికల్ ప్యానెల్ కొన్న ఫ్యాక్టరీ రెండేళ్లు పలకకపోయినా మామూలే. ఆ పార్టీ రెండు ఆర్డర్ల మధ్య సాధారణంగా ఎంత ఎడం ఉంటుందో చూసి, దానికి మూడింతలు దాటితే నిద్రలోకి వేయండి. ఇది సాఫ్ట్‌వేర్ వర్క్‌ఫ్లోతో దానంతటదే జరిగేలా పెట్టొచ్చు. "ముగిసింది" మాత్రం మనిషే పెట్టాలి, కారణం రాయకుండా సేవ్ కాకూడదు.

కారణాలకు డ్రాప్‌డౌన్ చేయండి: ధర, సర్వీసు, మన ప్రతినిధితో పడలేదు, వాళ్ల మనిషి మారారు, సంస్థ మూతపడింది, సంస్థ చేతులు మారింది, బాకీ తగాదా, మనమే ఆపాం. "ఇతరం" పెట్టకండి. పెట్టారంటే మూడు నెలల్లో సగం రికార్డులు దానిలోనే ఉంటాయి. ఎనిమిదిలో ఏదీ పట్టకపోతే దగ్గరగా ఉన్నది ఎంచుకుని నోట్ రాయమనండి.

నోట్ ఎలా రాయాలన్నది అందరూ తేలిగ్గా తీసుకునే సంగతి. "పార్టీ మంచిది కాదు, జాగ్రత్త" అన్న నోట్ వల్ల తర్వాతి మనిషికి ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు, అనుమానం తప్ప. దానికి బదులు ఇలా: "2022 ఆగస్టు బిల్లు 1,84,000లో 40,000 ఆపారు. 12 షీట్ల మందం తక్కువ వచ్చిందని వాళ్ల మాట. మనం క్రెడిట్ నోట్ ఇవ్వలేదు, కొలిచి చూడనూ లేదు. 2023 జనవరి నుంచి ఆర్డర్లు లేవు." ఇది చదివిన కొత్త మేనేజర్‌కు తప్పు ఎటువైపు ఉండొచ్చో అర్థమవుతుంది, సర్దుకోవడానికి దారీ కనిపిస్తుంది. ఇంకో లాభం: ఈ నోట్ పొరపాటున పార్టీ కంట పడినా మీరు తలదించుకోవాల్సిన పని లేదు. స్క్రీన్‌షాట్లు ఎటైనా పోతాయి కదా.

4. మనిషి మానేశారని తెలిసిన రోజు చేయాల్సినవి

ఆ రోజే చేయండి, "నెలాఖరుకు చూద్దాం" అంటే అవదు.

ముందు పాత లంకెకు ముగింపు తేదీ. ఖచ్చితంగా తెలియకపోతే తెలిసిన నెల వేసి "సుమారు" టిక్ పెట్టండి. తెలియదు కదా అని జనవరి 1 వేసే అలవాటు ఉంటే మాన్పించండి. రెండేళ్లయ్యాక ఎవరు నిజంగా జనవరిలో మానేశారో, ఎవరిది ఊరికే వేసిందో చెప్పలేరు.

తర్వాత తెరిచి ఉన్న పనులు. శ్రీనివాసరావు గారి పేరు మీద ఉన్న కొటేషన్లు, ఫాలో-అప్‌లు, పెండింగ్ డీల్స్ బాలానగర్ కంపెనీవి. అవి ఆయన స్థానంలో వచ్చినవారికి మార్చాలి. ముగిసిన డీల్స్, పాత ఇన్‌వాయిస్‌లు మాత్రం ఆయన పేరు మీదే ఉండనివ్వండి. అప్పట్లో ఒప్పుకున్నది ఆయనే కదా.

మూడోది చాలామంది మర్చిపోతారు: ప్రవేశాలు. పార్టీతో కలిపి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఆయన ఇంకా ఉన్నారా? డీలర్ పోర్టల్ లాగిన్? గూగుల్ డ్రైవ్‌లో షేర్ చేసిన ధరల షీట్? పోటీ కంపెనీలో చేరిన మనిషి పాత కంపెనీకి మీరిచ్చే ప్రత్యేక ధరలు చూస్తూ ఉంటే, తప్పు ఆయనది కాదు.

పాత ఆఫీసు ఈమెయిల్‌ను చెరపకండి. "పనిచేయదు" అని గుర్తు పెట్టి ఉంచండి. పాత మెయిళ్లను రికార్డుకు జతచేసేది ఆ చిరునామాయే.

ఇక మనిషి చనిపోయిన సందర్భం. దీనికి విడిగా ఒక టిక్ ఉండి తీరాలి. అది పడగానే మెసేజ్‌లు, మెయిళ్లు, పండగ శుభాకాంక్షలు అన్నీ ఆగిపోయేలా ప్రతి జాబితాకూ షరతు కట్టండి. చనిపోయిన మనిషి ఫోన్‌కి దసరా శుభాకాంక్షలు, పక్కనే పది శాతం డిస్కౌంట్ అని వెళితే, ఆ ఫోన్ చూసేది వాళ్ల భార్యో కొడుకో. ఆ సంబంధం ఇక అతకదు. రికార్డు మాత్రం ఉంచండి. వ్యాపారం చూసుకునే వారసుల పేరుతో కొత్త లంకె తెరవండి.

5. సంస్థే మారిపోతే

మనిషి మారడం కంటే ఇది చిక్కు. రాణిగంజ్‌లో ఒకే బోర్డు కింద ముప్పై ఏళ్లుగా నడుస్తున్న షాపు లోపల రెండుసార్లు మారి ఉండొచ్చు: నాన్న ప్రొప్రైటర్‌గా, ఆ తర్వాత అన్నదమ్ములు పార్ట్‌నర్‌షిప్‌గా, ఇప్పుడు ప్రైవేట్ లిమిటెడ్‌గా. మీకు పేరు ఒకటే, చట్టానికి మూడు వేర్వేరు పార్టీలు.

తేల్చుకోవడానికి జీఎస్‌టీ నంబరే ఆధారం. 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రానివి, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది పాన్. పాన్‌లో నాలుగో అక్షరం, అంటే జీఎస్‌టీ నంబర్‌లో ఆరోది, సంస్థ రకం చెబుతుంది: పీ అయితే వ్యక్తి, ఎఫ్ అయితే పార్ట్‌నర్‌షిప్ సంస్థ, సీ అయితే కంపెనీ, హెచ్ అయితే అవిభక్త హిందూ కుటుంబం. ప్రొప్రైటర్‌షిప్ ప్రైవేట్ లిమిటెడ్ అయితే పాన్ మారుతుంది, దాంతో జీఎస్‌టీ నంబరూ మారుతుంది. అప్పుడు పాత అకౌంట్ మీద కొత్త నంబర్ రాయకండి. కొత్త అకౌంట్ తెరిచి, దానికీ పాతదానికీ మధ్య "పూర్వ సంస్థ" అని లంకె కట్టి, పాతదానికి ముగింపు తేదీ వేయండి. పాత బాకీ పాత సంస్థ మీద ఉంటుంది. కొత్త కంపెనీ దాన్ని తనమీద వేసుకున్నట్టు కాగితం ఉంటే అది జత చేయండి, లేకపోతే వసూలు దగ్గర "ఆ కంపెనీ వేరు, ఈ కంపెనీ వేరు" అన్న మాట వినాల్సి వస్తుంది.

అదే రాష్ట్రంలో షాపు సికింద్రాబాద్ నుంచి కుషాయిగూడకు మారిందంతే అయితే నంబర్ మారదు. చిరునామా మార్చి, పాత చిరునామాను "పూర్వ చిరునామా"గా ఉంచితే సరిపోతుంది.

ఏళ్లుగా పలకని పార్టీ అసలు ఉందా లేదా అన్నది జీఎస్‌టీ పోర్టల్‌లో ట్యాక్స్‌పేయర్‌ను వెతికే పేజీలో నంబర్ కొడితే తెలిసిపోతుంది. లాగిన్ అక్కర్లేదు. చట్టబద్ధమైన పేరు, వ్యాపార పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా అన్నీ కనిపిస్తాయి. రద్దయితే సంస్థ మూతపడి ఉండొచ్చు, లేదా పైన చెప్పినట్టు కొత్త నంబర్‌కు మారి ఉండొచ్చు. ఏది నిజమో తేల్చుకున్నాకే స్థితి "ముగిసింది" అని పెట్టి కారణం రాయండి.

2017 జులై 1కి ముందు రికార్డుల్లో 11 అంకెల వ్యాట్ టిన్ (జీఎస్‌టీకి ముందు నాటి పన్ను నంబర్) ఉంటుంది. 28తో మొదలైతే అది ఉమ్మడి రాష్ట్రం నాటిది, అంటే 2014లో రాష్ట్రం విడిపోకముందు ఇచ్చిన నంబర్. ఇప్పుడు బిల్లుకు పనికిరాదు, కానీ సంబంధం ఎంత పాతదో చెప్పడానికి పనికొస్తుంది. "పాత పన్ను నంబర్" గడిలోకి నెట్టండి. జిల్లా గడి కూడా చూడండి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక కుషాయిగూడ, కూకట్‌పల్లి, జీడిమెట్ల మేడ్చల్-మల్కాజిగిరిలోకి వెళ్లాయి. పాత రికార్డుల్లో అవన్నీ రంగారెడ్డి కిందే ఉంటాయి, జిల్లావారీ రిపోర్టు తీస్తే లెక్క తప్పుతుంది. పిన్‌కోడ్‌తో వేరు చేయడం సులువు.

6. పాత ఎక్సెల్, ట్యాలీ నుంచి తెచ్చేటప్పుడు

ఎక్కువ నష్టం ఇంపోర్ట్ రోజునే జరుగుతుంది. ఫోన్ నంబర్ గడిని టెక్స్ట్‌గా మార్చకుండా 91తో కలిపి పన్నెండు అంకెలు పెడితే ఎక్సెల్ దాన్ని 9.19 ఇ ప్లస్ 11 అన్నట్టు కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే సాదా ఫైల్) సేవ్ చేస్తే చివరి అంకెలు శాశ్వతంగా పోతాయి. 040తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ల ముందు సున్నా ఎగిరిపోతుంది. ఫైల్‌ను డబుల్ క్లిక్‌తో తెరవకుండా, డేటా మెనూ నుంచి తెప్పించి, ఫోన్, జీఎస్‌టీ, పిన్‌కోడ్ కాలమ్‌లను టెక్స్ట్‌గా ఎంచుకోండి.

తేదీలు ఇంకో ఉచ్చు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 03/04/2022 అన్నది ఏప్రిల్ 3 బదులు మార్చి 4 అవుతుంది. 25/04/2022 మాత్రం తేదీగా మారక అక్షరాలుగా మిగులుతుంది. సగం తప్పు, సగం ఖాళీ. ఇంపోర్ట్‌కు ముందు తేదీలన్నీ 2022-04-03 రూపంలోకి తెచ్చేస్తే గొడవ ఉండదు. తెలుగులో రాసిన పేర్లు ఉంటే సీఎస్‌వీ యూటీఎఫ్-8 గానే సేవ్ చేయాలి, లేకపోతే పేర్ల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి.

జీఎస్‌టీ నంబర్‌లో ఇంగ్లిష్ O అక్షరం, సున్నా తారుమారు కావడం మామూలే. స్థానాలు చూస్తే దొరికిపోతుంది: 3 నుంచి 7 వరకు అక్షరాలే, 8 నుంచి 11 వరకు అంకెలే, 12 మళ్లీ అక్షరం.

మొదట ఇరవై రికార్డులతో ప్రయత్నించండి. ఆ ఇరవైలో కావాలని కొన్ని వంకరవి పెట్టండి: ముగిసిన సంబంధం, రెండు కంపెనీల్లో పనిచేసిన మనిషి, పొడవాటి చిరునామా, తెలుగు పేరు. అవి సరిగ్గా దిగితే మిగతావి పంపండి.

7. డూప్లికేట్లు

మన పేర్లతో డూప్లికేట్లు పట్టడం సాఫ్ట్‌వేర్ వల్ల కాదు. ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరు మొదటి అక్షరంతో, ఇంకోచోట ఇంటిపేరు చివర, వేరొకచోట "శ్రీను సార్ పర్చేజ్" అని ఉంటారు. శ్రీనివాస్, శ్రీనివాసరావు, శ్రీనివాసులు ముగ్గురూ ఒకరు కావచ్చు, ముగ్గురు కావచ్చు. పేరును పట్టుకుని కలపకండి. మనుషులకు సొంత మొబైల్ చివరి పది అంకెలు, సంస్థలకు జీఎస్‌టీ నంబర్: ఇవి సరిపోలితేనే కలపాలి. ఆఫీసు నంబర్ కలిస్తే కలపకూడదు. అది కుర్చీదని ముందే అనుకున్నాం.

మెర్జ్ చేసేముందు, అంటే రెండు రికార్డులను ఒకటిగా కలిపేముందు, బ్యాకప్ తీయండి. హబ్‌స్పాట్ అనే ఇంకో సీఆర్‌ఎంలో ఒకసారి కలిపాక విడదీసే బటన్ లేదు. సేల్స్‌ఫోర్స్‌లో ఒకసారికి మూడు రికార్డుల వరకే కలుస్తాయి, అది ఒకరకంగా మేలే, ఆలోచించే సమయం ఇస్తుంది. పొరపాటున డిలీట్ అయినవి సేల్స్‌ఫోర్స్ రీసైకిల్ బిన్‌లో 15 రోజులు, జోహో సీఆర్‌ఎంలో 60 రోజులు ఉంటాయి. ఆ తర్వాత మీ బ్యాకప్పే దిక్కు. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31న ఒకటి, మధ్యలో మూడు నెలలకొకటి పూర్తి ఎక్స్‌పోర్ట్ తీసి సీఆర్‌ఎం బయట దాచండి.

8. ఏది ఎన్నాళ్లు ఉంచాలి

బిల్లులు, ఖాతాలకు చట్టం గడువు పెట్టింది. జీఎస్‌టీ కింద వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. 2023-24కు గడువు 2024 డిసెంబర్ 31 కనుక, ఆ ఏడాదివి 2030 డిసెంబర్ 31 వరకు ఉండాలి. వివాదం నడుస్తుంటే ఇంకా ఎక్కువ. మీది కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలవి ఉంచాలి. ఇవి ట్యాలీలో, ఫైళ్లలో ఉండేవి. సీఆర్‌ఎంలో సంస్థ రికార్డు, లంకెలు కూడా అప్పటిదాకా ఉంచితే ఏ బిల్లు ఎవరు ఒప్పుకున్నారో చెప్పగలరు.

బాకీ ఉన్న పాత పార్టీల సంగతి వేరే. మామూలు వ్యాపార బాకీకి దావా వేసే గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు దాటకముందే పార్టీ సంతకంతో బాకీ ఒప్పుకుంటూ రాసిస్తే, ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ముగిసిన సంబంధాల్లో బాకీ తగాదా ఉన్నవాటికి "గడువు ముగిసే తేదీ" గడి పెట్టి, ఆరు నెలల ముందు రిమైండర్ వచ్చేలా చేయండి. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ (బాకీ ఇంత ఉందని పార్టీ సంతకంతో ఒప్పుకునే ఉత్తరం) స్కాన్ చేసి లంకెకే జతచేయండి. రిమైండర్ వచ్చాక మీ లాయర్‌తో మాట్లాడండి.

వ్యక్తిగత వివరాలు మాత్రం అవసరానికి మించి దాచుకోకండి. పిల్లల పేర్లు, పెళ్లిరోజు, ఆధార్ కాపీ లాంటివి సంబంధం నడిచినప్పుడు ఎవరో ఉత్సాహంతో పెట్టి ఉంటారు. సంబంధం ముగిశాక వాటితో మీకు పనిలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా అదే: ఏ పనికోసం తీసుకున్నారో ఆ పని అయిపోతే, వేరే చట్టం ఉంచమంటే తప్ప, తీసేయాలి.

ఒక్క మినహాయింపు ఉంది. "నాకు ఫోన్ చేయొద్దు" అన్న మనిషిని పూర్తిగా చెరిపేస్తే, వచ్చే ఏడాది హైటెక్స్‌లో ఎగ్జిబిషన్ నుంచి తెచ్చిన జాబితాతో ఆయన మళ్లీ కొత్త లీడ్‌గా (కొనొచ్చని అనుకునే మనిషిగా) దిగుతాడు, మీవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు. ఇలాంటివారి నంబర్, "వద్దన్నారు" అన్న గుర్తు, తేదీ ఈ మూడూ ఉంచి మిగతావి తీసేయండి. ప్రతి ఇంపోర్ట్‌నూ ఈ జాబితాతో పోల్చాకే లోపలికి రానివ్వండి.

9. పాత సంబంధాలతో పని

రోజువారీ జాబితాలన్నింటిలో ముగిసిన లంకెలు కనిపించకుండా ఫిల్టర్ పెట్టండి. వాటికి వేరే వ్యూ (విడి జాబితా) ఒకటి చాలు. నెల మొదటి వారంలో ఆ వ్యూ తెరిచి, గత నెలలో "ఉద్యోగం మారారు" అన్న కారణంతో ముగిసినవి చూడండి. ఇవి రెండు పనులు చూపిస్తాయి: పాత కంపెనీలో కొత్త మనిషిని కలవాలి, కొత్త కంపెనీలో పాత మనిషిని కలవాలి. మొదటిది ముందు. పరిచయం లేని మనిషి కుర్చీలో కూర్చున్నాక సప్లయర్ల జాబితా తిరగరాయొచ్చు.

"ధర" కారణంతో పోయినవారికి ధర నిజంగా తగ్గినప్పుడే ఫోన్ చేయండి. "సర్వీసు" కారణంతో పోయినవారి దగ్గరికి ఆ పాత ఫిర్యాదు ఏమైందో తెలుసుకుని, జవాబు పట్టుకుని వెళ్లాలి. "మళ్లీ వద్దు" అని పెట్టిన పార్టీని తెరిచే అధికారం ఒక్కరికే ఉండాలి, యజమానికో అకౌంట్స్ హెడ్‌కో. నెలాఖరు టార్గెట్ ఒత్తిడిలో సేల్స్ మనిషి దాన్ని తెరిచేయకుండా పర్మిషన్ బిగించండి.

కొత్త కంపెనీలో పాత మనిషిని కలిసేటప్పుడు ఆయన పాత కంపెనీ రేట్లు, వాళ్ల కొనుగోళ్ల లెక్కలు నోట రాకూడదు. ఆయనే అడిగినా సరే. ఈరోజు ఇక్కడ చెబితే రేపు తమవీ ఇంకోచోట చెబుతారని ఆయనకు తెలుసు. అందుకే లంకె 2 చూసే సేల్స్ మనిషికి లంకె 1 కింద ఉన్న ధరలు కనిపించనక్కర్లేదు. పరిచయం ఎప్పటిదో కనిపిస్తే చాలు.

మీ సొంత స్టాఫ్ మానేసినప్పుడూ ఇదే పద్ధతి. సేల్స్ మనిషి ఆఖరి రోజుకు వారం ముందు అతని పార్టీల జాబితా తీసి, ఒక్కో పార్టీ దగ్గర ఒప్పుకున్న నోటి మాటలు, ఇస్తానన్న డిస్కౌంట్లు, రావాల్సిన చెక్కులు పక్కన కూర్చోబెట్టుకుని నోట్స్‌లో రాయించండి. ఆఫీసు ఫోన్‌లో ఉన్న పార్టీల వాట్సాప్ చాట్లు ఎక్స్‌పోర్ట్ చేసి అకౌంట్లకు జతచేయండి. ఆ తర్వాతే రికార్డుల ఓనర్‌ను మార్చండి. యూజర్‌ను డీయాక్టివేట్ చేయండి కానీ డిలీట్ చేయకండి. పాత నోట్ల కింద ఎవరు రాశారో ఆ పేరు కనిపిస్తూ ఉండాలి.